మానసిక వైద్యశాలలు - సరిహద్దు తెలుగు కుటుంబములు

ప్రవాసాంధ్రుల చరిత్ర యనగానే తంజావూరి సరస్వతీ మహలు, త్యాగరాజస్వామి కృతులు, కొంగునాటి నల్లరేగడి సేద్యము, బళ్లారి నాటక సమాజములు, బరంపురపు పట్టుమగ్గములు, ముంబయి కామాఠిపురమునకు పేరు తెచ్చిన కట్టడపు పనివారు మన స్మరణకు వచ్చుట సహజము. ఇవి యన్నియు మనము గర్వింపదగిన విషయములే. పెద్దలు వీనిని గూర్చి పెక్కు వ్యాసములు వ్రాసియున్నారు. అయితే ఏ జనసమూహపు చరిత్రయైనను గర్వకారణములతోనే పూర్తి కాజాలదు. మన యిండ్లలో పేరెత్తక దాచిన మనుష్యులు కొందరు గలరు. వారి పేరు శుభలేఖలలో నుండదు. కుటుంబపు ఛాయాచిత్రములలో వారు కనబడరు. మీకెందరు అక్కచెల్లెండ్రని పొరుగువారడిగినపుడు మనము ఒకరిని తగ్గించి చెప్పుదుము. ఆ తగ్గిన మనిషి ఏదో యొక మానసిక వైద్యశాలలో ఏండ్ల తరబడి వసించుచుండును. అట్టివారిని గూర్చియు, వారికొరకు వేచియున్న కుటుంబములను గూర్చియు, వేచియుండుట మానుకొన్న కుటుంబములను గూర్చియు ఈ వ్యాసమున కొంత నివేదింపదలచితిని.

నేను వైద్యుడను కాను. హోసూరు ప్రాంతమున అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పుచున్న ఉపాధ్యాయుడను. మా యూరికి బెంగుళూరు నలువది కిలోమీటర్లు. తూర్పున వేలూరు, ఆపైన మదరాసు. ఇంటిలో తెలుగు, అంగడిలో కన్నడము, కచ్చేరిలో తమిళము మా నిత్యవ్యవహారము. ఇట్టి కుటుంబములో నొకరికి మనసు చెదిరినపుడు ఆ మనిషి ఏ భాషవారి చేతులలో పడునో, ఆ తరువాత ఇంటికిని ఆ మనిషికిని నడుమ మాట యెట్లు సాగునో చూచినవాడను. రోగి తిరిగి ఇల్లు చేరుటకు మందెంత అవసరమో, ఇంటివారికిని రోగికిని నడుమ మాట తెగకుండుటయు అంత అవసరమని నా యభిప్రాయము. రెండు శతాబ్దముల చరిత్ర ఈ యభిప్రాయమును బలపరచుచున్నది.

1. గుడి మండపములు

వైద్యశాలలు పుట్టకముందు మనవారు ఇట్టి రోగులను ఏమి చేయుచుండిరి? ఆయుర్వేదము ఈ వ్యాధిని ఉన్మాదమని పేర్కొని చికిత్సలు చెప్పినది. సర్పగంధి వేరును మన దేశపు వైద్యులు చిరకాలముగా వాడుచుండిరి. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అను వంగదేశపు వైద్యులు ఆ వేరు ఉన్మాదమునకును రక్తపు పోటునకును పనిచేయుచున్నదని ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను ఔషధము వేరుచేయబడి పాశ్చాత్య దేశములలో గూడ వాడుకలోనికి వచ్చినది.

మందునకు లొంగనిచో దేవుని సన్నిధికి గొనిపోవుట ఆచారము. యాదగిరిగుట్టలో మండలము దినములుండి ప్రదక్షిణములు చేయుట తెలంగాణమువారికి తెలిసినదే. చిత్తూరు సీమవారును మా ప్రాంతమువారును శోలింగపురమునకు పోవుదురు. అచ్చట పెద్దకొండపై యోగ నరసింహస్వామియు, చిన్నకొండపై యోగాంజనేయస్వామియు వెలసియున్నారు. రోగిని కోనేట ముంచి, తడిబట్టలతో కొండ యెక్కింతురు. తిరుచిరాపల్లికి చేరువను కావేరి యొడ్డుననున్న గుణశీలమున ప్రసన్న వేంకటేశ్వరుని సన్నిధిలో రోగులు నలువదియెనిమిది దినములుండి తీర్థము పుచ్చుకొందురు.

ఈ క్షేత్రముల మహిమను తర్కించుట నా యుద్దేశము కాదు. గమనింపదగిన సంగతి వేరొకటి కలదు. గుడికి పోయిన రోగి యొంటరిగా పోలేదు. తల్లియో, అన్నయో, భార్యయో వెంటనుండిరి. మండపము ప్రక్కనే పొయ్యి పెట్టి వండి, కలిసి తిని, అక్కడనే పడుకొనిరి. రోగి కేకలు వేసినను తన భాషలోనే వేసెను. సమాధానమును తన భాషలోనే వినెను. 2002లో బెంగుళూరు వైద్యులు కొందరు, తమిళనాట నొక చిన్న దేవాలయమున ఆశ్రయము పొందిన రోగులను పరీక్షించి, మందు లేకయే కొన్ని వారములలో వారి రోగలక్షణములు సుమారు 20 శాతము తగ్గినవని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో ప్రకటించిరి. భయపెట్టని, ఆదరించు వాసమే అందుకు కారణము కావచ్చునని వారు తలచిరి. పూజలు లేని వైద్యశాలకు గూడ ఆ ఆదరణ సాధ్యమే కదా!

2. గోడల నిర్మాణము

దక్షిణమున ఈ రోగుల కొరకు ప్రత్యేకముగా కట్టిన మొదటి గృహములలో నొకటి మదరాసులో 1794లో ఏర్పడినది. వాలెంటైన్ కొనొలీ అను కంపెనీ వైద్యుడు దానిని స్థాపించెను. అనంతరము 1858లో ఆంగ్ల ప్రభుత్వము ఉన్మాదులను గూర్చిన చట్టములను చేసెను. వీధులలో తిరుగు రోగిని పోలీసులు న్యాయాధికారి యెదుటికి గొనిపోవుటయు, అతడు వైద్యుని పత్రము చూచి ఆజ్ఞ వ్రాయుటయు, ఆ యాజ్ఞతో రోగిని శాలలో చేర్చుటయు నాటి పద్ధతి. రోగిని ఇంటికి తీసికొనిపోవలెనన్న బంధువు వచ్చి, సంరక్షణము వహింతునని పూచీపత్రము వ్రాసియిచ్చి, అధికారులను ఒప్పింపవలెను. లోనికి చేర్చుటకు కానిస్టేబులొకడు చాలును; వెలుపలికి తెచ్చుటకు చదువు, దారి ఖర్చు, ధైర్యము కల బంధువు కావలెను. ఈ భేదమును పాఠకులు మనసునందుంచుకొనవలెను.

1871లో మదరాసు కీల్పాకమున విశాలమైన తోటలో క్రొత్త శాల 145 మంది రోగులతో ఆరంభమైనది. ఆ శతాబ్దపు ద్వితీయార్ధముననే వాల్తేరునను, మలబారున కాలికట్టునను శాలలు ఏర్పడినవి. బెంగుళూరిలో మైసూరు ప్రభుత్వపు శాల ఆ శతాబ్దపు నడిమి కాలముననే యుండెను. ఈ విధముగా నెల్లూరు మొదలు అనంతపురము వరకుగల దక్షిణాంధ్రులకు మదరాసు, ఉత్తర సర్కారులవారికి వాల్తేరు గతియైనవి. గంజాము జిల్లా 1936 వరకు మదరాసు రాజధానిలోనిదగుటచే బరంపురపు తెలుగువారికి గూడ వాల్తేరే చేరువ. నిజాము రాజ్యమున స్థితి ఇంకను విచిత్రము. ఆ సంస్థానపు మానసిక వైద్యశాల మరాఠ్వాడాలోని జాల్నాలో చాలకాలముండి, 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలింపబడినది. అంతవరకు వరంగల్లు పల్లెలోని తల్లి తన కుమారుని చూడవలెనన్న మరాఠీసీమకు ప్రయాణము చేయవలసి యుండెను.

పేర్లు మారినవి. 1912లో ఉన్మాద చట్టము క్రొత్తగా చేయబడినది. 1922లో మదరాసు శాలకును, 1925లో బెంగుళూరు శాలకును మానసిక వైద్యశాలలని నామకరణము జరిగినది. బెంగుళూరు వైద్యశాలకు తోడుగా 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసి, రెండును 1974లో నేటి జాతీయ సంస్థగా ఏకమైనవి. అయినను జనులనోట పేర్లు మారలేదు. మదరాసువారికి కీల్పాకము, హైదరాబాదువారికి ఎర్రగడ్డ, సర్కారువారికి విశాఖపట్నము ఊరి పేర్లుగ గాక తిట్లుగ నిలిచినవి. మా పాఠశాల మైదానమున పిల్లలు ఒకరినొకరు కీల్పాకమనుట నేను నేటికిని వినుచున్నాను. ఆ మాట విని తలవంచుకొను బాలుని ఇంటిలో ఏమి యున్నదో తోటి పిల్లలకు తెలియదు.

3. కదలిన సరిహద్దు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. ఆ దినముననే బళ్లారి మైసూరులో చేరినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడినది. హోసూరు సేలము జిల్లాలో భాగమై మదరాసు రాష్ట్రముననే నిలిచినది. ఈ తేదీలు మన చరిత్రకారులందరికి కంఠస్థములు. ఆ దినములలో కీల్పాకపు గోడల లోపల నున్న తెలుగు రోగిని గూర్చి యోచించినవారు తక్కువ. అతడు చేరిన దినమున ఆ వైద్యశాల అతని రాజధానిలోనిది. అతడు కదలలేదు, సరిహద్దే కదలినది. అతని ఊరు ఇపుడు వేరొక రాష్ట్రమున నున్నది. అతని చిరునామాలోని జిల్లా కచ్చేరికి వ్రాయు లేఖ వేరొక ప్రభుత్వమునకు వ్రాయు లేఖయైనది. వార్డులోనికి క్రొత్తగా వచ్చు సేవకులకు తెలుగుతో పూర్వమున్నంత పరిచయము తరముతరమునకు తగ్గుట సహజము.

నాటి వైద్యశాలల స్థితిని తెలుపు ప్రామాణిక నివేదిక యొకటి కలదు. 1946లో ప్రకటితమైన భోర్ సంఘపు నివేదికకై కర్నల్ మూర్ టేలర్ దేశములోని మానసిక వైద్యశాలలను పరిశీలించెను. అవిభక్త భారతమునకంతటికి 19 వైద్యశాలలు, 10,181 పడకలు మాత్రమే యుండెనని తేలినది. ఆ వైద్యశాలలలో పెక్కు రోగిని నయముచేయుటకంటె నిర్బంధించుటకే యేర్పడినవని ఆయన కఠినముగా విమర్శించెను.

ఆ కాలపు చికిత్సలును కఠినములే. ఇన్సులిన్ ఇచ్చి స్మృతి తప్పించుట, విద్యుత్తుతో మూర్ఛ తెప్పించుట 1930, 1940 దశకములలో వచ్చినవి. 1950 దశకమున క్లోర్‌ప్రోమజైన్ అను మాత్ర రాగానే వార్డులలో కేకలు తగ్గినవి. పూర్వము నయము కాదనుకొన్నవారు పెక్కురు మందుతో కుదుటపడి, మగ్గమునొద్దను, తోటలోను, వంటశాలలోను పనిచేయసాగిరి. అప్పుడొక క్రొత్త సమస్య యేర్పడినది. రోగము తగ్గినది, తీసికొనిపోవువారు రాలేదు. ఇంటివారు చిరునామా మార్చిరి, తల్లిదండ్రులు గతించిరి, తమ్ముళ్లు ఆస్తి పంచుకొనిరి, భర్త మరల పెండ్లియాడెను. వైద్యశాలవారి ఉత్తరములు తిరిగి వచ్చెను. ఆ విధముగా రోగములేని రోగులు ఏర్పడిరి.

ఈ స్థితి గతించిన కథ కాదు. 1999లో జాతీయ మానవహక్కుల సంఘము 37 వైద్యశాలలను పరిశీలించి, పెక్కింట నిర్బంధపు పద్ధతియే సాగుచున్నదని ప్రకటించినది. 2019లో ప్రకటితమైన వేరొక పరిశీలనమున 43 ప్రభుత్వ వైద్యశాలలలో ఒక యేడాదికి మించి యున్నవారు 4,935 మంది, అనగా ఆ వైద్యశాలలలోని వారిలో సుమారు 36 శాతమని తేలినది. వారిలో స్త్రీలే అధికులు. కుమారుని ఇంటికి తెచ్చుకొను తల్లి యుండును. భార్యను ఇంటికి తెచ్చుకొను భర్తలు తక్కువ.

4. మా యింటి కార్డులు

ఇంతవరకు వ్రాసినది గ్రంథములయందు దొరకునది. ఇక మా యింటిమాట చెప్పవలసియున్నది. చెప్పక విడిచినచో నేనును దాచినవారిలో నొకడ నగుదును.

మా మేనత్త, అనగా మా నాయనకు పెద్దచెల్లెలు, తెలుగు బడిలో ఐదవ తరగతి వరకు చదివినది. పెండ్లియైన రెండేండ్లకు, బిడ్డ పుట్టి పోయిన పిమ్మట, ఆమె మనసు చెదరినది. శోలింగపురమునకు రెండుమారులు గొనిపోయిరి. తుదకు 1986లో తమిళదేశమున దూరముగానున్న ఒక ప్రైవేటు వైద్యశాలలో చేర్చిరి. ఆ వైద్యశాల పేరు ఇచ్చట చెప్పబోను. అప్పటికి నాకు ఆరేండ్లు. మా నాయన మొదట మూడేండ్లు పోయి చూచివచ్చెను. చిన్నత్తకు సంబంధము కుదిరిన యేడు పోవుట మానెను. పెండ్లివారితో పెద్దమ్మాయి కుప్పములో బంధువుల ఇంట నున్నదని చెప్పిరి. ఆ యబద్ధమును నిలుపుకొనుటకు మరల వెళ్లకుండుటయే సులభమైనది. నెలనెలా మనియార్డరు మాత్రము తప్పలేదు. దాని రసీదు తమిళ సంతకముతో తిరిగివచ్చుచుండెను.

మా అవ్వకు చదువు రాదు. నాకు పదియేండ్లు వచ్చినది మొదలు ఆమె నాచేత పోస్టుకార్డులు వ్రాయించెడిది. సంత దినమున కార్డు తెచ్చి, నన్ను అరుగుపై కూర్చుండబెట్టి, "రాయి నాయనా" అని చెప్పెడిది. "పెద్దావు ఈనింది. పెయ్యదూడ. రాగి కోతలు అయినాయి. నీ పెట్టెలో చీరలు అట్లే ఉండాయి, నేను ఎండలో వేసి మళ్లీ పెట్టినాను. నువ్వు ఎప్పుడొస్తావో ఒక మాట రాయి." ఇదియే యించుమించు ప్రతి కార్డులోని విషయము. తుది వాక్యము ఏనాడును మారలేదు. జవాబు ఏనాడును రాలేదు. 1998లో అవ్వ గతించువరకు ఈ వ్రాత సాగినది. జవాబు రాకుండుటచే మా అత్తకు మతి పూర్తిగా పోయినదనియు, మమ్ము మరచినదనియు మాయింట అందరు నిశ్చయించుకొనిరి.

నాకు ఉద్యోగము వచ్చిన మరుసటియేడు, 2005లో, నేనొక్కడను ఆ వైద్యశాలకు పోతిని. గుమాస్తా ఒక కాగితముల కట్ట తెచ్చి బల్లపై పెట్టెను. అందు అత్త ఔషధముల చీటీలతోపాటు దారముతో కట్టిన కార్డుల మోపు కలదు. లెక్కించితిని, అరువదిమూడు. అన్నియు నా బాల్యపు వంకర అక్షరములే. ప్రతిదానిపై అందిన తేదీ ముద్ర యున్నది. రోగికి వచ్చిన ఉత్తరము పై యధికారి చదివి చూచిన పిమ్మటనే ఇయ్యవలెనని అచ్చటి నియమమట. తెలుగు చదువగలవారు అచ్చట లేరు. చదువలేదు గనుక ఇయ్యలేదు. పారవేయుట తప్పు గనుక దాచిరి. ఆ గుమాస్తా చెడ్డవాడు కాడు. కార్డులను తేదీల వరుసనే కట్టియుంచెను.

మా అత్త నన్ను చూచి మా నాయన పేరు పెట్టి పిలిచినది. నేనెవడనో చెప్పగా, "అమ్మ పోయిందా?" అని అడిగి, నా జవాబునకై వేచియుండక తన గుడ్డల మూట తెచ్చుకొనుటకు లోనికి పోయినది. ఆమెకు అయిదారేండ్లనుండి రోగలక్షణములు లేవని వైద్యుడు చెప్పెను. ఆ సంగతి మాకు వ్రాసిన తమిళ లేఖ మా నాయన చేతికి అందియేయున్నదని నేను తరువాత తెలిసికొంటిని. ఆయన దానిని ఎవరికిని చూపలేదు. కావున ఈ దోషమున సగము వైద్యశాలది, సగము మాది. ఏ సగము పెద్దదని అడిగినచో నేను మా సగమునే చూపుదును.

ఇల్లు చేరిన పిమ్మట ఆమె ఎనిమిదేండ్లు బ్రదికినది. వైద్యశాలలలో రాత్రి భోజనము ప్రొద్దు క్రుంకకముందే పెట్టుదురు. సాయంకాలము అయిదు గంటలగునప్పటికి ఆమె కంచము తెచ్చుకొని గోడవారగా కూర్చుండెడిది. ఆ యలవాటు తుదివరకు పోలేదు. మేమే ఆ వేళకు వండుట నేర్చుకొంటిమి. కార్డులను ఆమె ఒక్కమారుగా చదువలేదు. దినమున కొక్కటి చదివెడిది. చదివి, ఆనాడే వచ్చినట్లు జవాబు చెప్పెడిది. పెయ్యదూడకు ఏమి పేరు పెట్టితిరని అడిగినది. ఆ పెయ్య పెరిగి, ఈని, ముసలిదై పోయి చాలయేండ్లైనది. అయినను మా నాయన "లక్ష్మి అని పెట్టినాము" అని బదులు చెప్పెను. పదునారు యేండ్లలో ఆయన చెల్లెలితో మాటలాడిన మొదటి మాట అదియేనని నా తలపు.

5. తలుపు తెరచినవారు

ఈ చరిత్రలో చీకటి యొక్కటియే లేదు. కుటుంబమును గోడకు లోపలికి పిలిచిన వైద్యులును కలరు. 1950 దశకమున అమృతసరములో విద్యాసాగర్ అను వైద్యుడు మానసిక వైద్యశాల ఆవరణముననే గుడారములు వేయించి, రోగుల బంధువులను అందుంచెను. వారు రోగి సేవ చేయుచు, రోగమును అర్థము చేసికొని, కుదుటపడిన వెంటనే ఇంటికి తీసికొనిపోయిరి. రోగి వైద్యశాలలో నుండవలసిన కాలము తగ్గినది. ఇంటివారి భయమును తగ్గినది.

మనకు చేరువనున్నది వేలూరు. క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన మానసిక చికిత్సాలయము 1957లో ఫ్లారెన్స్ నికొల్స్ అను వైద్యురాలి పూనికతో బాగాయమున ఆరంభమైనది. రోగితో ఇంటివారొకరు ఉండితీరవలెననుట అచ్చటి పద్ధతి. వేలూరు చిత్తూరు జిల్లాకు సరిహద్దగుటచే తెలుగు కుటుంబములు అచ్చటికి విరివిగా పోవుచున్నవి. తల్లి వెంటనుండి వండిపెట్టుచున్న రోగి పోస్టుకార్డునకై వేచియుండ నక్కరలేదు. అతని మాటను వైద్యునికి తెలుపుటకును, వైద్యుని మాటను అతనికి తెలుపుటకును ఇంటి మనిషి ప్రక్కనే యుండును. శోలింగపురపు మండపమున నున్న మంచి యిందు మందుతో కలిసినది. బెంగుళూరు జాతీయ సంస్థలో గూడ కుటుంబములకు ప్రత్యేక విభాగము కలదు.

కీల్పాకమున 1961 మొదలు 1978 వరకు అధ్యక్షురాలుగా నుండిన శారదా మీనన్ మన దేశపు మొదటి మహిళా మానసిక వైద్యురాలు. చేరకయే చికిత్స పొందిపోవు వెలిరోగుల విభాగమును, పని నేర్పు చికిత్సను ఆమె వృద్ధిచేసిరి. 1984లో స్కార్ఫ్ అను సంస్థను స్థాపించి, కుదుటపడినవారికి పునరావాసమును, వారి కుటుంబములకు ఆలంబనమును కల్పించిరి. 2021లో ఆమె పరమపదించిరి. 1993లో మదరాసులో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అను యువతులు బాన్యన్ అను సంస్థను ఆరంభించి, వీధులలో తిరుగు మతిచెదరిన స్త్రీలకు ఆశ్రయమిచ్చిరి. ఎచ్చటినుండియో రైలెక్కి వచ్చిపడిన ఆ స్త్రీల భాష కనుగొని, మాటలలోని ఊరి పేరు పట్టుకొని, ఇల్లు వెదకి చేర్చుట వారి పనిలో ముఖ్యభాగము. భాష తెలియుటయే అచ్చట చికిత్సకు మొదటి మెట్టు.

6. ఎర్వాడి, ఆ తరువాతి చట్టములు

గుడియైనను, దర్గాయైనను ఇంటివారు వెంటనుండనిచో ఏమగునో 2001లో దేశము చూచినది. తమిళనాట రామనాథపురము జిల్లా ఎర్వాడి దర్గాను నమ్మి వచ్చినవారి కొరకు అచ్చట ప్రైవేటు ఆశ్రమములు వెలసియుండెను. ఆ యేడు ఆగస్టు 6న ఒక ఆశ్రమమున నిప్పంటుకొని 28 మంది రోగులు మరణించిరి. వారు గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోలేకపోయిరి. సుప్రీము కోర్టు తనంతట తాను ఈ విషయమును చేపట్టినది. అట్టి ఆశ్రమములు మూయబడి, వందలకొలది రోగులు ప్రభుత్వ సంరక్షణకు తేబడిరి. గొలుసు వేసినవారిని అందరును నిందించిరి. గొలుసు వేయువారికి అప్పగించి, నెలకింత పంపి ఊరకున్న ఇంటివారిని గూర్చి అంతగా చర్చ జరుగలేదు.

చట్టములు మారినవి. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము 1993 ఏప్రిలులో అమలులోనికి వచ్చినది. హానికరములగు లేఖల విషయమున నిబంధనలకు లోబడి, రోగికి వచ్చిన ఉత్తరములను అడ్డగించుటగాని, నిలిపివేయుటగాని, నాశనము చేయుటగాని కూడదని అందు స్పష్టముగా నున్నది. మా అవ్వ కార్డులలో సగమునకు పైగా ఆ చట్టము వచ్చిన పిమ్మట అందినవే. చట్టము వచ్చినది, ఆ గుమాస్తా బల్లవరకు రాలేదు.

నేడు అమలులోనున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. ఇది 2018 మే 29న అమలులోనికి వచ్చినది. ఇందలి మూడు సంగతులు మన కుటుంబములు తెలిసికొనదగినవి. మొదటిది: ఇంటివారు లేరనిగాని, ఇంటివారు ఒప్పుకొనలేదనిగాని, ఇల్లు లేదనిగాని ఎవనిని వైద్యశాలలో నిలిపియుంచరాదు, సమాజమున జీవించుట అతని హక్కు. రెండవది: ఏ విధముగాను గొలుసులతో బంధింపరాదు. మూడవది: చికిత్సకు రోగి యిచ్చు సమ్మతి అతనికి అర్థమగు భాషలో వివరించి పొందినదై యుండవలెను, రోగమును గూర్చియు, చికిత్సను గూర్చియు తెలుపునపుడు గూడ అతనికి తెలిసిన భాషలోనే తెలుపవలెను. తన తరఫున మాటలాడుటకు ఒకరిని ముందుగ నియమించుకొను హక్కును ఈ చట్టము ఇచ్చుచున్నది. ఇది చట్టము ఇచ్చిన భాషా హక్కు. ప్రాథమిక పాఠశాలలో తెలుగు నిలుపుకొనుటకు మనము చేయు యత్నమున కొంతభాగమైన ఈ హక్కు కొరకు చేయలేదు.

7. మనము చేయదగినది

బెంగుళూరునను, మదరాసునను, బరంపురమునను, ముంబయి, షోలాపురములందును తెలుగు సంఘములు కలవు. ఉగాదికి కవిసమ్మేళనము, సంక్రాంతికి ముగ్గుల పోటీ మనము తప్పక చేయుచున్నాము. అదే పట్టణమున మానసిక వైద్యశాలయు కలదు. అందు తెలుగు మాటలాడువారు ఎందరు గలరో మన సంఘములలో ఏ కార్యదర్శియైనను అడిగెనా? నెలకొకనాడు ఇద్దరు పోయి, వైద్యుల యనుమతితో, ఉత్తరములు చదివిపెట్టుటకును, వ్రాసిపెట్టుటకును, ఊరి పేరు విని జిల్లా గుర్తించుటకును ధనముతో పనిలేదు. తెలుగు అక్షరములు వచ్చియుండుట చాలును. అల్పసంఖ్యాక భాషా పాఠశాలల ఉపాధ్యాయులము మేము ఇందుకు ముందు నిలువగలము. మా విద్యార్థులకు లేఖారచన నేర్పుచున్నాము. ఆ లేఖ చేరవలసినవారికి చేరుచున్నదో లేదో చూచుట గూడ మా పనిలోనిదే.

ఇక కుటుంబములకు ఒక మనవి. రోగిని వైద్యశాలలో చేర్చుట పాపము కాదు. కొన్ని వేళల అదియే దయ. చేర్చి మరచుట వేరు. పోలేనివారు ఉత్తరము వ్రాయుడు. నేడు టెలిఫోనున మాటలాడుట గూడ సులభమైనది. జవాబు రాకున్న రోగిని నిందింపక, మీ మాట చేరినదా యని వైద్యశాలవారిని అడుగుడు. వారి భాష రానిచో వచ్చినవారిని వెంట తీసికొని పొండు. పెండ్లి సంబంధములకు వచ్చినవారు అడిగినపుడు ఇంటిలో నున్నవారి లెక్క సరిగా చెప్పుడు.

మా అత్త 2013లో మా యింటనే కన్నుమూసినది. కార్డులలో ఆమె చదువనివి పదునొకండు మిగిలియుండెను. ఉత్తరములను తొందరపడి చదువరాదని ఆమె అనుచుండెడిది. ఆ పదునొకండును అవ్వ పెట్టెలో, చీరలతోపాటు, అట్లే యున్నవి.